ఆగినవారిని వినండి

ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ప్రతి ఇంటికీ ఈ మాటలు.

ఈ కొద్దిసేపూ సంగీతం గురించి మీతో ఒక్క విషయం మాట్లాడతాను. ఇద్దరు గొప్ప విద్వాంసులు పక్కపక్కనే కూర్చున్నారనుకోండి. గది చిన్నది. వినడానికి వచ్చినవాళ్ళు ఇరవై ముప్పై మంది. విద్వాంసుల ముందు కాగితం లేదు. ఒక రాగమో, ఒక పాటో అనుకున్నారు, అంతే. మిగతాదంతా అప్పటికప్పుడు పుట్టాలి. మనవాళ్ళు దీన్ని మనోధర్మం అంటారు. అమెరికాలో నల్లజాతివారి మధ్య పుట్టి లోకమంతా పాకిన జాజ్ సంగీతానికీ ప్రాణం ఇదే.

అలాంటి కచేరీలో మనం ఎవరిని వినాలి? వాయిస్తున్నవారిని, అంటారు మీరు. వాయిస్తున్నవారు ఎలాగూ వినబడతారు. నేను అడిగేది ఇంకొకటి. ఆగినవారిని వినండి. ఒకరు వాయిస్తున్నంతసేపూ రెండోవారు ఏం చేస్తున్నారో గమనించండి. వాళ్ళ వంతు రాగానే మొట్టమొదట ఏం పలికిందో పట్టుకోండి. ఈ ఒక్క అలవాటు చాలు. సంగీతం నాకేం తెలుసు అని వెనక వరుసలో కూర్చునేవాళ్ళకి కూడా కచేరీ చేతికి అందుతుంది.

మన వైపు సామలు, కొర్రలు ఇంట్లోనే దంచుకునే రోజుల్లో జంట రోకళ్ళు వేసేవాళ్ళు. పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. రోలు ఒకటి. రోకళ్ళు రెండు. ఎదురెదురుగా ఇద్దరు ఆడవాళ్ళు. ఒకామె రోకలి కిందికి దిగేటప్పటికి రెండో ఆమె రోకలి పైకి లేవాలి. ఆ లేచిన రోకలి ఊరికే ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి దంపు నడిచేది దానివల్లే. రోకలి పైకెత్తిన ఆమె చెవి కింద పడే దెబ్బ మీదే ఉంటుంది. ఆ దెబ్బ ఎంత బరువుగా పడింది? కాస్త ముందు పడిందా, వెనక పడిందా? గింజ ఎటు చెదిరింది? దాన్నిబట్టి తన దెబ్బ వేస్తుంది. చెవి తప్పిందా, రెండు రోకళ్ళూ ఢీకొంటాయి. చెయ్యి కుదిరిందా, ఇద్దరూ పాట కూడా అందుకుంటారు.

జంట వాద్యం అచ్చం ఇదే. కిందికి దిగిన రోకలి చప్పుడు అందరికీ వినిపిస్తుంది. పైకి లేచిన రోకలిని చూడటం మనం నేర్చుకోవాలి.

మనకు ఇదేమీ కొత్త కాదు. మన పెళ్ళిళ్ళకీ గుడి ఉత్సవాలకీ నాదస్వరం జంటగా వస్తుంది. నాదస్వరం ఇద్దరు, తవిల్ ఇద్దరు. ఒకాయన రాగం ఎత్తుకుంటారు. రెండో ఆయన వాద్యం దించి, తల కొంచెం వంచి వింటూ ఉంటారు. మొదటి ఆయన ఊపిరి ఆగే చోట ఈయన అందుకుంటారు. ఎక్కడ అందుకున్నారు? ఆయన వదిలిన స్వరం మీదే అందుకున్నారా? దాని పై స్వరానికి వెళ్ళారా? లేక రెండు క్షణాలు ఊరుకుని, శ్రుతిని మాత్రమే వినిపించనిచ్చి, అప్పుడు మొదలుపెట్టారా? అక్కడే ఉంది అసలు కచేరీ.

ఈ విద్యకు తెలుగు నేల గొప్ప మనుషులను ఇచ్చింది. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్, నాదస్వర విద్వాంసుడు టి.ఎన్. రాజరత్నం పిళ్ళై బాణీ మీద ప్రేమతో తమిళనాడుకు వచ్చి శ్రీరంగంలో స్థిరపడ్డారు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులు. ఆ భార్యాభర్తలిద్దరూ కలిసే కూర్చుని కచేరీ చేస్తారు. 2020లో పద్మశ్రీ కూడా ఇద్దరికీ కలిపే వచ్చింది. ఒకరి ఊపిరి ఎక్కడ ఆగుతుందో ఇంకొకరికి తెలిసిన జంట అది. ఈసారి వాళ్ళ వాద్యం వినే అవకాశం వస్తే ఆగినవారిని వినండి.

ఇప్పుడు ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎలా నడుస్తుందో కొంచెం దగ్గరగా చూద్దాం.

మన కచేరీలో కల్పనస్వరాలు, అంటే అప్పటికప్పుడు అల్లే స్వరాలు, వస్తాయి. తాళం ఒక చుట్టు తిరిగితే ఒక ఆవర్తం. పాడేవారు రెండు ఆవర్తాల స్వరాలు పాడతారు. వయొలిన్ విద్వాంసుడు రెండు ఆవర్తాలు వాయించి జవాబు ఇస్తాడు. తర్వాత ఒక్కో ఆవర్తం. తర్వాత అర ఆవర్తం. తర్వాత పావు. ఇలా తగ్గించుకుంటూ రావడాన్ని ఇక్కడ కురైప్పు అంటారు. తగ్గేకొద్దీ ఇద్దరూ దగ్గరవుతారు. చివరికి నాలుగంటే నాలుగు స్వరాల ప్రశ్న, నాలుగు స్వరాల జవాబు. ఆలోచించుకునే వ్యవధి ఉండదు. ఆ తర్వాత అంతా కలిసి ముక్తాయింపులోకి దిగి, పల్లవి ఎత్తుగడ మీద వాలతారు. సభ చప్పట్లు కొట్టేది అక్కడే. నాకు మాత్రం దానికి ముందున్న పావు ఆవర్తాల చోటే ఎక్కువ ఇష్టం. అక్కడ ఎవరి విద్య ఎంతో లెక్కకు రాదు. ఎవరు ఎంత విన్నారన్నదే తెలుస్తుంది.

జాజ్‌లోనూ సరిగ్గా ఇలాంటి పద్ధతే ఉంది. సాధారణంగా నాలుగు దెబ్బలు కలిస్తే ఒక బార్. నాలుగు బార్లు ఒకరు వాయిస్తారు, నాలుగు బార్లు ఇంకొకరు. దీన్ని ట్రేడింగ్ ఫోర్స్ అంటారు. తర్వాత రెండేసి బార్లకు తగ్గుతారు. ఒక్కోసారి ఒక్కో బారుకు కూడా వస్తారు. ఇక్కడ మీకు పనికొచ్చే లెక్క ఒకటి చెబుతాను. నాలుగు బార్లంటే 16 దెబ్బలు. ఆది తాళం ఆవర్తం 8 దెబ్బలు. అంటే నాలుగు బార్లు సరిగ్గా రెండు ఆవర్తాల ఆది తాళం. మళ్ళీ చెబుతున్నాను. జాజ్‌లో నాలుగు బార్లంటే మన ఆది తాళం రెండు ఆవర్తాలు. తొడ మీద ఒక దెబ్బ, మూడు వేళ్ళు, దెబ్బ, విసుర్పు, దెబ్బ, విసుర్పు. ఇలా రెండుసార్లు వేసేసరికి వంతు మారుతుంది. ఈ తాళం వేయగలిగితే జాజ్‌లో మీరు దారి తప్పరు. ఇటు రాగాలు తెలిసినవాళ్ళు ఆ సంగీతం మనకు పరాయిదని అనుకుంటారు. చెయ్యి తొడ మీద పెట్టి విన్న మొదటి రోజే ఆ మాట పోతుంది.

1928 డిసెంబర్ 5. షికాగో నగరం. రికార్డింగ్ గదిలో ఇద్దరే ఉన్నారు. ట్రంపెట్ పట్టుకుని లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. పియానో ముందు ఎర్ల్ హైన్స్. డ్రమ్ము లేదు, బేస్ లేదు, మిగతా బృందం లేదు. వాయించిన పాట పేరు వెదర్ బర్డ్. మొత్తం మూడు నిమిషాలు కూడా ఉండదు. అప్పటి రికార్డు పళ్ళెంలో పట్టేదే అంత. ఆ కొద్ది వ్యవధిలో ఆ ఇద్దరూ ఒకరినొకరు కవ్వించుకుంటారు, తప్పించుకుంటారు, మళ్ళీ దొరకబుచ్చుకుంటారు. చివరి భాగానికి వచ్చేసరికి చిన్న చిన్న ముక్కలు. ఒక ముక్క ట్రంపెట్, ఒక ముక్క పియానో. కురైప్పు విన్న చెవికి అది వెంటనే తెలిసిపోతుంది. దాదాపు నూరేళ్ళ కిందటి ఆ రికార్డు ఈ రోజుకీ దొరుకుతుంది. ఒకసారి ఆర్మ్‌స్ట్రాంగ్ కోసం వినండి. రెండోసారి, ఆయన వాయిస్తుంటే హైన్స్ ఎడమ చెయ్యి ఏం చేస్తోందో అది మాత్రమే వినండి. ఒకే రికార్డు రెండు రికార్డులవుతుంది.

ఇంకో జంట ఉంది. పియానో బిల్ ఎవాన్స్, గిటార్ జిమ్ హాల్. 1962లో అండర్‌కరెంట్ అనే రికార్డు చేశారు. అందులో ఒక చిక్కు ఉంది. పియానో, గిటార్ రెండూ ఒకేసారి అనేక స్వరాలు పలికించే వాద్యాలు. రెండూ కలిస్తే గజిబిజి అవుతుంది. ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడుతుంది. వాళ్ళేం చేశారు? ఎవాన్స్ ముందుకు వచ్చినప్పుడు హాల్ తన గిటార్‌ను దాదాపు తాళ వాద్యంగా మార్చేసుకున్నాడు. దెబ్బకొక మీటు, అంతే. హాల్ ముందుకు వచ్చినప్పుడు ఎవాన్స్ పియానో పలచబడింది. ఎంత వదిలిపెట్టాలో ఇద్దరికీ తెలుసు. వాయించగల శక్తి ఉండి కూడా వాయించకుండా ఉండటం పెద్ద విద్య. మన పక్కవాద్యం విద్వాంసుల్లో ఉత్తములకి ఉన్నది ఈ విద్యే. దానికి మనం చప్పట్లు కొట్టం. కొట్టాలి.

ఇక చిన్న గది సంగతి.

ఆగినవారిని వినాలంటే దగ్గర కూర్చోవాలి. వెయ్యిమంది పట్టే హాలులో, నాలుగు పెద్ద స్పీకర్ల మధ్య, వాయించే చప్పుడు మాత్రమే మనదాకా వస్తుంది. ఆగిన మనిషి తాళం వేసుకునే చెయ్యి, కళ్ళతో చేసే సైగ, అరక్షణం నవ్వు, పెదవుల మీది భళా, ఇవేవీ రావు. వాద్యం మీద వేలు జారే సన్నటి ధ్వని రాదు. ఊపిరి రాదు. మైకు మీద నాకు కోపం లేదు. మైకు వల్లే ఈ మాటలు మీ ఇంటికి వస్తున్నాయి. అయినా జంట వాద్యానికి చిన్న గదే ఇల్లు.

న్యూయార్క్‌లో గ్రీనిచ్ విలేజ్ అనే పేటలో బ్రాడ్లీస్ అని ఒక చిన్న చోటు ఉండేది. భోజనశాల లాంటిది. పియానో, బేస్, ఇద్దరే. డ్రమ్ములు లేకుండా అక్కడ మహామహులు వాయించేవారు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్‌లో మోన్‌మార్త్ర్ అనే క్లబ్బు ఇంకొకటి. 1991 మార్చిలో అక్కడ టెనర్ సాక్సఫోన్ విద్వాంసుడు స్టాన్ గెట్జ్, పియానో విద్వాంసుడు కెన్నీ బారన్ కొన్ని రాత్రులు ఇద్దరే వాయించారు. గెట్జ్‌కి అప్పటికే కాన్సర్ ముదిరిపోయింది. ఊపిరితో పలికే వాద్యం అది. ఆ రాత్రుల రికార్డు పేరు పీపుల్ టైమ్. వింటుంటే బారన్ ఏం చేస్తున్నాడో తెలుస్తుంది. గెట్జ్ ఆగిన ప్రతిచోటా పియానో వచ్చి ఆ చోటును నింపుతుంది. గెట్జ్ మళ్ళీ అందుకోగానే పక్కకు తప్పుకుంటుంది. అదే సంవత్సరం జూన్ 6న గెట్జ్ పోయారు. ఒక విద్వాంసుడు ఇంకొక విద్వాంసుడికి బారన్ చేసినంతకంటే ఎక్కువ మర్యాద చేయగలడని నేను అనుకోను.

మన దగ్గర అలాంటి గదులు లేవా అంటే, ఉండేవి. వాటిలో అన్నిటికంటే పేరున్న గదికి మన ధర్మపురితో బంధం ఉంది. ఈ సంగతి మన ఊళ్ళో ఎంతమందికి తెలుసో గానీ, ప్రతి బడి పిల్లవాడికీ తెలియాలని నా కోరిక.

ధర్మపురి సుబ్బరాయర్ అని ఒక వాగ్గేయకారుడు ఉండేవారు. 19వ శతాబ్దం చివరి కాలం. ఆయన రాసినవి జావళీలు, చిన్న శృంగార గీతాలు. రాసింది తెలుగులో. గోదావరి ఒడ్డున ఉన్న ధర్మపురి కాదు, మన సేలం పక్క ధర్మపురి. తన పాటల్లో ధర్మపురి అనే ముద్ర పెట్టుకున్నారు. ఫరజు రాగంలో స్మరసుందరాంగుని, కాపి రాగంలో పరులన్న మాట. ఈ జావళీలను ఇప్పటికీ భరతనాట్యం నేర్చే పిల్లలు లోకమంతటా ఆడుతున్నారు. ఒక ఊరి పేరు ఇన్ని దేశాల్లో ఇన్ని వేదికల మీద తెలుగు పాటలో పలుకుతోంది. అది మన ఊరి పేరు.

ఈ సుబ్బరాయర్‌కి మద్రాసులో వీణ ధనమ్మాళ్‌తో స్నేహం. ధనమ్మాళ్ 1867లో పుట్టి 1938లో పోయారు. జార్జిటౌనులో ఆమె ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు వీణ వాయించేవారు. మైకు లేదు. వచ్చినవాళ్ళు నేల మీద కూర్చునేవారు. గుసగుస కూడా ఉండేది కాదు. వీణ వాయిస్తూ తనే పాడేవారు. సాటి విద్వాంసులు సైతం వచ్చి, శిష్యుల్లా ఒదిగి వినేవారు. మన ధర్మపురి జావళీలు ఆ ఇంట్లో నిలబడ్డాయి. ఆమె మనవరాళ్ళు బృంద, ముక్త కలిసి పాడి వాటిని తర్వాతి తరానికి అందించారు. ఇంకో మనవరాలు నాట్య విదుషి బాలసరస్వతి.

బాలసరస్వతి తమ్ముళ్ళలో ఇద్దరిని చెబుతాను. రంగనాథన్ మృదంగం, విశ్వనాథన్ వేణువు. రంగనాథన్ 1963లో అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. తర్వాత విశ్వనాథన్ కూడా అక్కడికే చేరారు. జార్జిటౌను ఇంటి సంగీతం అలా అమెరికాలోని ఒక చిన్న ఊరికి చేరింది. 1970ల్లో అదే విశ్వవిద్యాలయంలో న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చిన జాజ్ డ్రమ్ము విద్వాంసుడు ఎడ్ బ్లాక్‌వెల్ కూడా పాఠాలు చెప్పారు. ఒకే ఆవరణలో మృదంగం గురువూ జాజ్ డ్రమ్ము గురువూ. పిల్లలు ఈ గదిలో నుంచి ఆ గదిలోకి వెళ్ళేవాళ్ళు.

అక్కడికే జాన్ మక్‌లాఫ్లిన్ అనే ఇంగ్లీషు జాజ్ గిటార్ విద్వాంసుడు వచ్చాడు. అప్పటికే ఆయన పేరు మారుమోగుతోంది. అయినా డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర కూర్చుని వీణ నేర్చుకున్నాడు. వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్ ఆయనకు కలిసింది అక్కడే. వాళ్ళిద్దరూ, తబలా జాకిర్ హుసేన్, ఘటం వినాయక్‌రాం, మృదంగం రామనాథపురం రాఘవన్, అంతా కలిసి శక్తి అనే బృందం కట్టారు. 1975 జూలైలో ఒక కళాశాలలో వాయించిన కచేరీయే వాళ్ళ మొదటి రికార్డు. మక్‌లాఫ్లిన్ గిటార్‌ను కూడా మార్చుకున్నాడు. మెట్ల మధ్య కర్రను గుల్లగా తొలిపించి, గమకం పలికేలా చేయించుకున్నాడు. అడ్డంగా అదనపు తంతులు కట్టించాడు. వీణ నేర్చిన చెయ్యి గిటార్‌ని అలా అడిగింది.

ఇక్కడికి మన తెలుగు కుర్రవాడు వస్తాడు. పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ వాయించేవారు. ఇంట్లో ఉన్న మాండొలిన్ పసివాడి చేతిలో పడింది. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు. మరి ఎలా నేర్పారు? ఆయన పాడతారు, పిల్లవాడు వాయిస్తాడు. ఆయన ఆగుతారు, పిల్లవాడు జవాబిస్తాడు. వేలు ఎక్కడ పెట్టాలో చూపించేవారు లేరు. చెవి ఒక్కటే దారి. ఆలోచించండి. శ్రీనివాస్ చదువు మొదలైందే ఆగినవారిని వినడంతో. ఒక చిన్న గదిలో, ఇద్దరే మనుషులతో.

మాండొలిన్ తీగ మీటితే స్వరం వెంటనే ఆరిపోతుంది. గమకం సాగదు. మామూలు మాండొలిన్‌కి నాలుగు జతల తీగలు. శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్ తీసుకుని, జతలు తీసేసి, ఐదు ఒంటి తీగలు కట్టుకున్నాడు. స్వరం నిలిచింది, వంగింది, ఊగింది. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి అతని వయసు 14. జాజ్ వినడానికొచ్చిన జనం ముందు త్యాగరాజ కీర్తనలు వాయించే బాణీతో కూర్చుని, వాళ్ళను కట్టిపడేశాడు.

తర్వాత మక్‌లాఫ్లిన్ శక్తి బృందాన్ని మళ్ళీ కట్టినప్పుడు శ్రీనివాస్ అందులోకి వచ్చాడు. 2000, 2001ల్లో వాళ్ళ రికార్డులు ది బిలీవర్, సాటర్డే నైట్ ఇన్ బాంబే వచ్చాయి. వాటిల్లో గిటార్, మాండొలిన్ మాట్లాడుకునే చోట్లు వెతుక్కుని వినండి. కచేరీ దృశ్యాలు దొరికితే చూడండి. ఒకరు వాయిస్తుంటే ఇంకొకరు తన వాద్యం వైపు చూసుకోరు. ఎదుటివారి చేతి వైపు, ముఖం వైపు చూస్తూ ఉంటారు. మక్‌లాఫ్లిన్ ఒక మెలిక వేస్తాడు. శ్రీనివాస్ ఆ మెలికను తిప్పి, చివర ఒక గమకం చేర్చి తిరిగి ఇస్తాడు. మక్‌లాఫ్లిన్ నవ్వుతాడు. ఈసారి ఆ గమకంతోనే మొదలుపెడతాడు. వయసులో వాళ్ళ మధ్య పాతికేళ్ళకు పైగా తేడా. ఒకరిది ఇంగ్లండు, ఒకరిది పాలకొల్లు. ఎవరు గురువో ఎవరు శిష్యుడో అక్కడ చెప్పలేం. ఇచ్చింది తీసుకోవడం, తీసుకున్నదాన్ని కొంచెం పెంచి ఇవ్వడం, అంతే జరుగుతోంది. పెద్ద హాలులో వాయించినా ఆ ఇద్దరి మధ్య చిన్న గది ఒకటి ఉంటుంది. శ్రీనివాస్ 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో కన్నుమూశాడు. 45 ఏళ్ళు. ఆ చేయి ఆగిపోయిందని నాకు ఇప్పటికీ దిగులే.

మన తెలుగువారిలో ఇంకొకరిని తలుచుకోకుండా ఉండలేను. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. విజయనగరం సంగీత కళాశాలలో పాఠాలు చెప్పి, 1936లో దానికే అధ్యక్షులైనవారు. చూపు మందం. 1952లో పాశ్చాత్య లోకంలో వయొలిన్‌కి మారుపేరైన యెహూది మెనూహిన్ మద్రాసు వచ్చారు. ద్వారం వారి వయొలిన్‌ని ఆయన విన్నది సభాభవనంలో కాదు, న్యాయమూర్తి పి.వి. రాజమన్నార్ గారి ఇంట్లో. విని ఆశ్చర్యపోయి మెచ్చుకున్నారు. ఆ రోజు మెనూహిన్ చేసింది వినడమే. ఒక గొప్ప వయొలిన్ విద్వాంసుడు వాద్యం పక్కనపెట్టి, ఒక ఇంట్లో కూర్చుని, ఇంకొక వయొలిన్‌ని వినడం. నేను ఇందాకటి నుంచి చెబుతున్న ఆగినవారు అంటే ఇలాంటివారే.

మనకు చాలా దగ్గర ఉదాహరణ కూడా చెప్పి ముందుకు వెళ్తాను. బోస్టన్ నగరపు సాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ మరియానో మలేషియాలో నాదస్వరం విని మనసు పారేసుకున్నాడు. దాన్ని నేర్చుకున్నాడు. తర్వాత మన పక్కనున్న బెంగళూరు కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్ వారితో, గాయని ఆర్.ఎ. రమామణితో కలిసి కచేరీలు చేశాడు. వాళ్ళ జ్యోతి రికార్డు 1983 నాటిది. అటు ఆయన సాక్సఫోన్ నుంచి నాదస్వరానికి వస్తే, ఇటు మంగళూరు వైపు కద్రి గోపాల్‌నాథ్ నాదస్వరం వాయించే ఇంట్లో పుట్టి సాక్సఫోన్‌కి వెళ్ళారు. ఆయన 2008లో అమెరికా జాజ్ విద్వాంసుడు రుద్రేశ్ మహంతప్పతో కలిసి కిన్స్‌మెన్ అనే రికార్డు చేశారు. రెండూ ఆల్టో సాక్సఫోన్లే. అక్కడ ఆగినవారు ఎవరో పట్టుకోవాలంటే చెవి ఇంకాస్త పదును పెట్టాలి. ప్రయత్నించండి.

ఇప్పుడు మీరు చేయగలిగిన పని చెబుతాను.

రేడియోలో శాస్త్రీయ సంగీత కచేరీ వస్తుంది. వంట చేస్తూ వినొచ్చు, ఫర్వాలేదు. కానీ వారంలో ఒక్కసారైనా కూర్చుని వినండి. ఆది తాళం వేయండి. కల్పనస్వరాలు రాగానే గాయకులను వదిలేసి వయొలిన్‌ని పట్టుకోండి. గాయకులు ఆపిన చివరి స్వరం ఏది? వయొలిన్ దాని మీదే వాలిందా? లయ తీసుకుందా, స్వరం తీసుకుందా, రెండూ వదిలి కొత్త దారి పట్టిందా? స్వరాల పేర్లు తెలియకపోయినా చెవికి తెలుస్తుంది. నాలుగైదుసార్లు వింటే మీకే అర్థమవుతుంది.

పెళ్ళికి వెళ్తే ఇంకో పని చేయండి. నాదస్వరం వాయిస్తుంటే మనం పంక్తి భోజనం వైపు నడుస్తాం. కబుర్లు చెప్పుకుంటాం. వాళ్ళు మూల కూర్చుని వాయిస్తూ ఉంటారు. ఒక్క పది నిమిషాలు కుర్చీ తీసుకెళ్ళి వాళ్ళ దగ్గర వేసుకోండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. వినేవారున్నారని తెలిస్తే ఆ విద్వాంసులు వాయించే తీరే మారిపోతుంది. ఇది నేను ఎన్నో పెళ్ళిళ్ళలో చూశాను. రెండో ఆయన అందుకున్న తీరు బాగుంటే భళా అని పైకి అనండి. సిగ్గుపడకండి. ఆ మాట వాళ్ళ వాద్యంలోకి వెళ్ళి మళ్ళీ మీకే వస్తుంది.

మూడోది కాస్త పెద్ద పని. మన ధర్మపురిలో, కృష్ణగిరిలో, హోసూరులో సభలు నడిపే పెద్దలున్నారు. ఇళ్ళల్లో పెద్ద హాలు ఉన్నవాళ్ళున్నారు. సంవత్సరానికి ఒక్కసారి, మైకు లేకుండా, ముప్పై మందికి మించకుండా, ఇద్దరే విద్వాంసులతో ఒక సాయంత్రం పెట్టండి. వీణ, వేణువు కావచ్చు. రెండు వయొలిన్లు కావచ్చు. బెంగళూరు నుంచి సాక్సఫోన్ వాయించేవారిని పిలిచి, మన నాదస్వరం పక్కన కూర్చోబెట్టొచ్చు. కుర్చీలు అర్ధచంద్రంగా వేయండి. ఫోన్లు బయట పెట్టించండి. విద్వాంసులకు ఇచ్చేది ముందుగానే మాట్లాడుకుని, మర్యాదగా ఇవ్వండి. మొదలుపెట్టేటప్పుడు ధర్మపురి సుబ్బరాయర్ జావళి ఒకటి పాడించండి. ఆయన పేరు మీద ఆయన ఊళ్ళో ఆ మాత్రం జరగాలి.

అలాంటి సాయంత్రం మీ వీధిలో ఎవరు పెట్టినా వెళ్ళండి. ముందు వరుసలో కూర్చోండి. ఆగినవారిని వినండి.